జనవరి మామయ్య తీర్మానాలు

కళ్ళద్దాల దుకాణం మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏటా జనవరి ఒకటిన తనకు ప్రాణమైనదేదో ఒకటి మానేయడం, మర్నాటి నుంచీ దానికోసం బెంగపెట్టుకోవడం. అందుకే వీధి వీధంతా ఆయన్ని జనవరి మామయ్య అనేది.

మానేయడం గుట్టుగా జరిగేది కాదు. చూపు పరీక్షకు తగిలించిన అక్షరాల అట్ట పక్కన కుర్చీ వేసుకుని, దానిమీదెక్కి, గొంతు సవరించుకునేవాడు.

"ఈ ఏడాది కాఫీ మానేశాను!"

అద్దాలు అరగదీస్తున్న మేనకోడలు తల కూడా ఎత్తేది కాదు. "ఎన్నాళ్ళు మామయ్యా?"

"ఏడాదంటే ఏడాదే!"

ఆ ఏడు చూపు పరీక్షకొచ్చినవాళ్ళ మొహం మీదికి ఆయన మరీ దగ్గరగా వంగేవాడు.

"కుడికన్ను మూయండి. అబ్బ! ఇప్పుడే తాగొచ్చారా? చిక్కగా ఉందా? పైన నురగ నిలబడిందా?"

"నిలబడిందండీ. మరి నా కన్ను?"

"కంటికేం, దివ్యంగా ఉంది. ఇంకొక్కసారి ఊపిరి వదలండి."

మేడమీద సాయంత్రపు గాలి మానేసిన ఏడు, మెట్ల కింద కూర్చుని దిగొచ్చిన వాళ్ళనల్లా పట్టుకునేవాడు. "గాలి ఎటునుంచోయ్? ఆకాశం ఎర్రగా ఉందా? పక్కింటి దుప్పటి ఎగురుతోందా? సరిగ్గా చెప్పు, తొందరేం లేదు!"

ఆయన తీర్మానాల్లో ఒక్కటీ డిసెంబరు మొహం చూడలేదు. ఏప్రిల్లోనో ఆగస్టులోనో హఠాత్తుగా కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమయ్యేవాడు. "తీర్మానమో?" అంటే "ఏ తీర్మానం?" అనేవాడు. వీధి పగలబడి నవ్వేది. అందరికన్నా ముందు మేనకోడలు.

మొన్న డిసెంబరు ఆఖరి వారంలో మేనకోడలి గొంతులో పెరిగిన చిన్న కండను డాక్టరు తీసేశాడు. "ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు" అన్నాడు.

బస్సులో పక్క సీటువాళ్ళతో కబుర్లు మొదలెట్టి, వాళ్ళు దిగాల్సిన చోటు దాటించేసే మనిషి ఆమె. పొద్దున్నే "అత్తయ్యా!" అని కేకేయడానికి, కూరలమ్మితో బేరమాడటానికి, ఎవరు ఏం చెప్పినా "అయ్యో, తర్వాత?" అనడానికి ప్రాణం కొట్టుకుపోయింది. దారిలో ఇద్దరు గోడకానుకుని ఊసులాడుకుంటుంటే, మిఠాయి కొట్టు ముందు పసిపిల్లలా నిలబడిపోయేది.

జనవరి ఒకటి వచ్చింది. మామయ్య కుర్చీ ఎక్కాడు.

"ఈ ఏడాది మాటలు మానేస్తున్నాను. ఇదే ఆఖరి మాట!"

మేనకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన బాధ ఈయనకు వేళాకోళమా? తిడదామంటే నోరు లేదు. "నన్ను వెక్కిరిస్తున్నావా?" అని చీటీ రాసి ఆయన బల్లమీద కొట్టింది. మామయ్య చదివి, పెదాల మీద వేలు పెట్టుకుని, ఓ కళ్ళద్దం తుడుస్తూ కూర్చున్నాడు.

ఇంతలో ఓ పెద్దమనిషి వచ్చాడు. "కూర్చోండి" అని చెప్పడానికి మామయ్య బెత్తం తీసి అట్టమీద అక్షరాలు ఒక్కొక్కటే చూపించాడు. అట్టమీద గుడి, కొమ్ము, సున్నా ఏవీ లేవు.

"క, ర, చ, డ" చదివాడు పెద్దమనిషి. "బాగానే కనిపిస్తున్నాయండీ." అని, ఒక్క క్షణం ఆలోచించి రెండడుగులు వెనక్కి వేశాడు. "కరుస్తారా? ఎందుకండీ?"

నవ్వొద్దని డాక్టరు అనలేదు గనక మేనకోడలు చప్పుడు లేకుండా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నోరు మూతపడ్డాక అదే మొదటి నవ్వు.

సాయంత్రం ఇంట్లో అత్తయ్య దగ్గర మళ్ళీ చీటీ రాసింది: "మామయ్యకి నామీద వేళాకోళమా?"

అత్తయ్య బట్టలు మడతపెడుతూ అంది. "పిచ్చిదానా! ఆయన కాఫీ మానేసిన ఏడు నా కడుపులో పుండు, కాఫీ ముట్టొద్దన్నారు. కాఫీ వాసనొస్తే నాకు ఏడుపొచ్చేది. నాకు నయమైందని డాక్టరు చెప్పిన రోజే ఆయన తీర్మానం మరిచిపోయాడు. మేడ మానేసిన ఏడు మా అత్తగారికి మోకాలు విరిగింది. గాలి కబుర్లన్నీ ఎవరికోసం అడిగాడనుకున్నావు? ఆవిడ గది మెట్ల పక్కనేగా!"

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని రాసింది మేనకోడలు.

"చెబితే మనం మాననిస్తామా?"

ఆ రాత్రి నుంచి ఆమెకు కోపం లేదు. దుకాణంలో ఇద్దరూ చీటీలతో పోట్లాడుకున్నారు, బెత్తంతో కబుర్లాడుకున్నారు. బయట జనం మాటలు వినబడితే ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. ఒక్కరే నిట్టూర్చడం కన్నా అది నయం.

డాక్టరు సరేనన్న పొద్దున మేనకోడలు నేరుగా దుకాణానికి వచ్చింది. మామయ్య ఒకాయనకు చూపు పరీక్ష చేస్తున్నాడు.

"మామయ్యా!" కొత్త చెప్పుల్లా కిర్రుమంది గొంతు.

మామయ్య చేతిలో బెత్తం జారిపోయింది. "వచ్చిందే! మాట వచ్చిందే! ఈ ఐదు వారాలూ ఎలా బతికాననుకున్నావు? ఎదురింటి దర్జీ పెళ్ళిచూపులకెళ్ళి..."

"అయ్యో, తర్వాత?" అంది మేనకోడలు కుర్చీ లాక్కుని.

"ఏడాదంతా మాట్లాడనన్నారు కదండీ?" అన్నాడు పరీక్షకొచ్చినాయన, ఒక కంటికి చెయ్యడ్డం పెట్టుకునే.

"ఏడాదే అన్నాను. ఏ గ్రహం మీద ఏడాదో చెప్పానా?" అని మామయ్య మళ్ళీ దర్జీ పెళ్ళిచూపుల కబురు అందుకున్నాడు. మేనకోడలు మధ్యలో తన కథ అందుకుంది. ఎవరూ ఆగలేదు. ఇద్దరి గొంతులూ ఒకదానిమీదొకటి ఎక్కుతుంటే, పాపం ఆయన కంటిమీది చెయ్యి తీసి చెవిమీద పెట్టుకున్నాడు.