శనివారం ఆఖరి పీరియడు

మా కాలేజీలో బి.ఏ. మూసేసిన ఏడాదే ఇంటర్‌డిసిప్లినరీ హ్యుమానిటీస్ కోర్సులు మొదలయ్యాయి. పిల్లలు చేరట్లేదని చరిత్ర, తెలుగు, ఎకనామిక్స్ మూడూ ఎత్తేశారు. ఆ మూడూ కలిపి బి.కాం., బి.ఎస్సీ. పిల్లలకి చెప్పాలని పైనుంచి ఉత్తర్వు రాగానే, ఎత్తేసినవాళ్ళే స్టాఫ్ మీటింగులో చప్పట్లు కొట్టారు. రాజమండ్రిలో ఇన్నేళ్ళుగా చరిత్ర చెబుతున్నదాన్ని, ఆ చప్పట్లు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

టైమ్‌టేబుల్లో వాటికి దక్కింది శనివారం ఆఖరి పీరియడు. వర్క్‌లోడు చాలనివాళ్ళకి తలా ఒక కోర్సు పంచారు. నైతిక విలువలు వ్యాయామం మాస్టారికి, సాహిత్యం-సమాజం ఫిజిక్స్ ఆయనకి. ఆయన్ని అని ఏం లాభం? "మీరేం కంగారు పడకండి మేడం, ఎదురుగా జిరాక్సు షాపులో బిట్లు దొరుకుతాయి, అవి కొనుక్కోమంటే సరిపోద్ది," అని నాకే ధైర్యం చెప్పాడు. పిల్లలూ దానికే అలవాటు పడ్డారు. సమాజం అంటే ఏమిటని అడిగితే, ఆప్షన్లు ఏంటండీ అనేవారు.

నాకొచ్చింది నది-నేల-మనిషి. పేరు ఎవరు పెట్టారోగానీ బాగుంది. దీన్నైనా చదువులా చెబుదామని మొండికేశాను. మీ మీ ఊళ్ళలో నీటికీ మనుషులకీ ఉన్న సంబంధం ఒకటి వెతికి రాయమన్నాను. అందరూ నెట్‌లోంచి దింపి తెచ్చారు, ఒక్కమ్మాయి తప్ప.

ధవళేశ్వరం నుంచి వచ్చే అమ్మాయి, బి.కాం. ఆఖరి సంవత్సరం. తండ్రి ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా, బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద. ఆ అమ్మాయి కాలువలు కట్టేసే రోజుల గురించి రాసింది. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలకి నీళ్ళు ఆపేస్తారు కదా, అప్పుడు వాళ్ళ పాత ఊళ్ళో బాప్తిస్మాలు ఆగిపోయేవట. నిండా ముంచితేగానీ బాప్తిస్మం కాదు, ముంచడానికి కాలువలో నీళ్ళుండవు. బాప్తిస్మం కాకపోతే చర్చిలో పెళ్ళి చెయ్యరు. చూస్తే, కూలివాళ్ళకి చేలో పని లేక పెళ్ళిళ్ళు పెట్టుకునేదీ ఆ రోజుల్లోనే. అందుకని ఫలానా రోజున కాలువ కట్టేస్తారట అని తెలియగానే, సంబంధాలు కుదిరినవాళ్ళంతా గబగబా నీళ్ళలోకి దిగేవారట. వాళ్ళ నాయనమ్మనైతే సంబంధం ఖాయం కాకముందే, ఎందుకైనా మంచిదని ముంచేశారట. ఆఫీసు ఉత్తర్వూ, కూలిపనీ, దేవుడూ, పెళ్ళీ అన్నీ ఒక్క కాలువలో దొరికాయి ఆ పిల్లకి. చదివి మురిసిపోయాను.

ఆ అమ్మాయికి ఎమ్మే చరిత్ర చదవాలని ఉంది. తండ్రి అప్పటికే హైదరాబాదులో కంప్యూటర్ కోచింగుకి హాస్టలు మాట్లాడేశాడు. నేనే ఫోన్ చేశాను. కాలేజీని చూడటానికి కమిటీ వస్తోందనీ, వాళ్ళ ముందు మీ అమ్మాయి తను రాసింది వినిపిస్తుందనీ, ఒక్కసారి రమ్మనీ అడిగాను.

"ఆయ్, వస్తానండి మేడంగారూ. ఈ చదువుకి అక్కడ విలువేంటో నా కళ్ళతో చూస్తానండి. చూశాక ఎమ్మేనో కోచింగో చెబుతానండి," అన్నాడు.

కమిటీ వచ్చిన రోజు పొద్దున్నే ప్రిన్సిపల్ నన్ను పిలిచాడు.

"ఆ బాప్తిస్మాల గొడవ వద్దు మేడం, కమిటీవాళ్ళు ఎలా తీసుకుంటారో ఏంటో. గోదావరి వైభవం అని మంచి పీపీటీ చేయించాను. బీబీయే అబ్బాయి చదువుతాడు, ఇంగ్లీషు బావుంటుంది."

"మరి ఆ అమ్మాయి?"

"గేటు దగ్గర పెట్టానండి. పొడుగ్గా ఉంది, పట్టుచీరలో నిండుగా ఉంటుంది. పన్నీరు జల్లడానికి అలాంటి పిల్లే కావాలి."

మనిషి మొహంలో సిగ్గన్నది లేదు. వాళ్ళ నాన్నగారు వస్తున్నారని చెప్పాను. "రానివ్వండి, భోంచేసి వెళ్తారు," అన్నాడు.

గేటు దగ్గరికి పరుగెత్తాను. ఎలా ఒప్పుకున్నావమ్మా అంటే, "ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కదండీ," అంది, పన్నీరు బుడ్డి కేసి చూస్తూ.

తండ్రి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. గేటులో కూతుర్ని చూసి, ముందు ఆహ్వానం, తరవాత ఉపన్యాసం అనుకున్నాడో ఏమో, నన్ను చూసి నవ్వాడు. స్టేజీ మీద బీబీయే అబ్బాయి గడగడా చదివేశాడు. అన్నీ సూర్యాస్తమయాలే. అందులో ఒక వంతెన అసలు మనది కాదు. కమిటీవాళ్ళు జీడిపప్పు నములుతూ తలూపారు.

ఇక ఆగలేకపోయాను. లేచి, "ఈ కోర్సులో నిజంగా పని చేసిన అమ్మాయి గేటు దగ్గరుంది, పది నిమిషాలు మాట్లాడనివ్వండి," అన్నాను. ప్రిన్సిపల్ మైకులో నవ్వి, "మేడంకి పిల్లలంటే ప్రాణమండి," అని, శాలువాలు తెమ్మన్నాడు. ఆ పళ్ళెం పట్టుకుని స్టేజీ ఎక్కింది ఆ అమ్మాయే. కమిటీ పెద్దాయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, సంస్కారం నేర్పుతున్నారని మమ్మల్ని మెచ్చుకున్నాడు. ఛీ, ఏం చదివావమ్మా అని కూడా అడగలేదు.

భోజనాలకి లేచేసరికి తండ్రి స్కూటర్ల స్టాండు దగ్గరున్నాడు. వెళ్ళి, మీ అమ్మాయి రాసింది నిజంగానే గొప్పగా ఉందండీ అని మొదలుపెట్టాను.

"తెలుసండి. నిన్న ఇంట్లో అందరికీ చదివి వినిపించిందండి. మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుందండి."

"మరి?"

"మా ఆఫీసులో పెద్దవాళ్ళొస్తే పళ్ళెం పట్టుకుని నిలబడేది నేనేనండి. చదువుకున్నవాళ్ళ దగ్గర అలా ఉండదనుకున్నానండి." గొంతు పెంచకుండానే అన్నాడు. "రాయడం చేతకాని పిల్లయితే పన్నీరు జల్లినా నాకు బాధ ఉండేది కాదండి. అంత బాగా రాసిన పిల్లని ఈ చదువుల్లో ఉంచలేనండి. కోచింగుకే పంపేస్తానండి."