ఆ తల్లి 'చాలు' అంది

ఇన్నేళ్లుగా నా మీద ఒక బరువుంది. దించుకునే చోటు దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే, నేను వెతకలేదు. మీరెవరో నాకు తెలియదు, అదే నాకు ధైర్యం.

నా పేరు చెప్పను. జంషెడ్‌పూర్‌లో ఒక బడిలో గైడెన్స్ టీచర్ని. పదో తరగతి అయ్యాక ఏం చదవాలి, ఏ పని నేర్చుకోవాలి, ఇంట్లో ఒప్పుకోకపోతే ఎలా మాట్లాడాలి, ఇవన్నీ పిల్లలకి చెప్పడమే నా ఉద్యోగం. అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారు. నేను పడలేదు. ఇంకొకరిని తోశాను.

కుమారి బిర్సానగర్ నుంచి వచ్చేది. మా తెలుగువాళ్ల పిల్లే. తండ్రి రైల్వేలో పనిచేస్తూ పోయాడు. తల్లి నూకాలమ్మ ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చింది. ఇంట్లోనే మిషను కుట్టుకునే మనిషి కాబట్టి హిందీ ఒంటబట్టలేదు. కూతురికేమో తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే.

కుమారికి మార్కులు బాగా వచ్చేవి. ప్రాణం మాత్రం కరెంటు పని మీద. వీధిలో ఎవరి మిక్సీ ఆగిపోయినా, ఎవరి ఫ్యాను తిరగకపోయినా దానికే కబురు. ఐటీఐలో చేరి ఎలక్ట్రీషియన్ అవుతానని నాతో చెప్పింది. నీకు అదే సరైన దారని నేనే అన్నాను. అమ్మని ఒప్పించుకుని రమ్మన్నదీ నేనే. పాపం, ఒప్పించుకుంది కూడా.

అప్పటికి నాది ఏ ఏడాదికాయేడాది పొడిగించే ఉద్యోగం. మార్కులొచ్చిన పిల్లలు పదకొండో తరగతికి వేరే చోటికి పోతున్నారని ప్రిన్సిపాల్ నా మీద గుర్రుగా ఉన్నాడు. ఆ రోజు ఆయన గదిలో నేనూ నూకాలమ్మా కూర్చున్నాం. కుమారి బయట బెంచీ మీద ఉంది. "పఢాయీ యహీఁ చాలూ రఖేంగే న?" అని అడిగాడాయన, చదువు ఇక్కడే సాగిస్తారు కదా అని. నేను తెలుగులో చెప్పేలోపే, ఇదేదో చదువు సంగతని పోల్చుకుని నూకాలమ్మ చెంగు సర్దుకుంది.

"చాలు బాబూ, చాలు. మా పిల్ల కరెంటు పని నేర్సుకుంతానంతంది. నేర్సుకోనీండి."

ఇంటి దగ్గరైతే 'సాలు' అనేది. పెద్దాయన ముందు కదా అని నాజూగ్గా 'చాలు' అంది. ఆ నాజూకే కొంప ముంచింది. హిందీలో చాలూ అంటే ఆగకుండా నడుస్తోందని. ఇక్కడ ఫ్యానుకైనా ఫ్యాక్టరీకైనా అదే మాట. మిగతా తెలుగు ఆయనకెక్కలేదు. "చాలూ! బహుత్ అచ్ఛా!" అంటూ ముఖమంతా నవ్వాడు. తన మాటే ఆయనా అన్నాడని ఆవిడ మురిసిపోయి దండం పెట్టింది. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

రెండు భాషలూ వచ్చిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే. 'కాదు సార్' అనడానికి ఎంతసేపు పడుతుంది? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. భయమా? భయమే. కానీ భయం ఆ గుమ్మం దాకానే. గుమ్మం దాటాక నేను చేసింది భయంతో కాదు, తెలివితో.

"పిల్ల మనసు మార్చుకుందక్కా, ఇక్కడే సైన్సు సదువుతాదట. నీకు సెప్పడానికి మొగమాటపడతంది, ఇంటికాడ ఏటీ అడగొద్దు" అని తల్లికి చెప్పాను, ఆమె యాసలోనే. కూతుర్ని పక్కకి పిలిచి, అమ్మ సైన్సే చదవాలంది, నాన్న పోయిన దుఃఖంలో ఉంది, ఇంట్లో ఆ మాట ఎత్తకు అని హిందీలో చెప్పాను. ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలో నేర్పాల్సినదాన్ని, ఇద్దరి నోళ్లూ కట్టేసి పంపించాను. ఇద్దరూ నన్ను నమ్మారు. టీచరు అబద్ధం ఎందుకు చెబుతుంది?

నా ఉద్యోగం నిలిచింది. కుమారి పుస్తకం మీద మనసు పెట్టలేదు. పన్నెండు ఎలాగో గట్టెక్కి మానేసింది, ఇప్పుడు ఊళ్లోనే మాంగో అనే పేటలో ఒక చీరల కొట్టులో పనిచేస్తోంది. ఆ తర్వాతైనా ఐటీఐకి వెళ్లొచ్చుగా అని మీరడగొచ్చు. నేనూ అలాగే అనుకుని నా మనసుకి సర్దిచెప్పుకునేదాన్ని. కానీ మాటిచ్చి తప్పిన తల్లిని ఏ పిల్లయినా మళ్లీ అడుగుతుందా? దానికి రోషం ఎక్కువ.

ఈ ఏడు దాని చెల్లెలు పదికొచ్చింది. దారి చెప్పమని ముగ్గురూ నా దగ్గరికొచ్చారు. తల్లీ పెద్దకూతురూ చెరో చివర కూర్చున్నారు.

"దాన్నే అడగండి టీచరమ్మా. మనసులో మాట నాకెప్పుడు సెప్పింది గనక" అంది నూకాలమ్మ.

ఇంట్లో ఒకటంటుంది, ఇక్కడికొచ్చి ఇంకోటంటుంది, ఆవిడనే అడగండి అని కుమారి హిందీలో నాకే చెప్పింది. ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉంది. అయినా ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు. ఇన్నేళ్లూ ఇంట్లో ఇలాగే ఉన్నారా? ఒకే గిన్నెలో అన్నం తింటూ?

ఇక ఆపుకోలేకపోయాను. తల్లి వైపు చూస్తూ తెలుగులో అంతా చెప్పేశాను. ఆ రోజు ఆవిడ ఏమందో, ఆయన ఏం విన్నాడో, నేనెందుకు నోరు మూసుకున్నానో, తర్వాత ఎవరికి ఏ అబద్ధం చెప్పానో. అది అయ్యాక కుమారి కోసం హిందీలో మొదలుపెట్టబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"రహనే దీజియే మేడమ్. తెలుగు సమఝ్‌తీ హూఁ."

అక్కర్లేదు, నాకు తెలుగు అర్థమవుతుంది అని. తర్వాత తల్లి వైపు తిరిగి "అమ్మా, పద" అంది, తెలుగులోనే. నూకాలమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చిన్నదాని చెయ్యి పట్టుకుని లేచింది. చిన్నది ఏం చదవాలో నన్నెవరూ అడగలేదు.

క్షమించమని నేనూ అడగలేదు, ఆ ముఖం నాకు లేదు. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ రోజు మెట్లు దిగుతూ కుమారి తల్లిని ఏదో అడగడం, తల్లి ఏదో చెప్పడం మాత్రం వినిపించింది. ఏ భాషలోనో తెలియలేదు. నా గుండె మీంచి ఏదో దిగిపోయింది. వాళ్ల ఏళ్లన్నీ మింగేసి చివరికి తేలికపడ్డది నేనా? సిగ్గేస్తోంది. అయినా తేలికగానే ఉంది.