మా చిన్నమ్మ మోసిన కడుపు

సాగర్ కాలువ తవ్వకంలో పనిచేసే మనిషి నల్లగొండ వస్తూ కబురు తెచ్చాడు. "హుజూర్‌నగర్ల మీ చిన్నమ్మ పోయింది టీచరమ్మా. కడుపుతోనే పోయింది." అందులో సగమే నిజం. ఆమె అందర్నీ మోసం చేసి పోయిందని రేపు మీకూ ఎవరో ఒకరు చెబుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతూ నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తనకు అక్షరం ముక్క రాదు, నేను తడబడితే మాత్రం ఇట్టే పట్టేసేది. "తెగిన పోగును తిడితే అతుకుతదా బిడ్డా, మళ్ల చెప్పు" అనేది. నేనివాళ బడిలో పాఠం చెబుతున్నానంటే ఆ ఓపిక పుణ్యమే.

పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమెకు పిల్లలు పుట్టలేదు. అత్త కొడుక్కి రెండో సంబంధం చూసి మాట కూడా ఇచ్చేసింది. సరిగ్గా అప్పుడే చిన్నమ్మకు నెల తప్పింది. వాంతులు మొదలయ్యాయి, ముఖం నిండింది, పొట్ట ఎత్తుగా వచ్చింది. అత్త ఆ సంబంధం వదులుకుని, కోడలి చేత పని మాన్పించి, మామిడికాయ తొక్కు కలిపిన ముద్దలు తన చేత్తో తినిపించింది.

కాళ్ళు కూడా ఉబ్బుతుంటే నేనే ఆమెను పట్నం దవాఖానకు తీసుకువెళ్ళాను. రక్తం, మూత్రం పరీక్ష చేయించి డాక్టరు చెప్పాడు. "కడుపు కాదమ్మా. మూత్రపిండాలు ఎప్పుడో పాడయ్యాయి. అవి పాడైతే ఒంట్లో హార్మోన్లు తారుమారై నెలసరి ఆగిపోతుంది. పొట్టలో ఉన్నది నీరు." ఉప్పు ముట్టవద్దన్నాడు. జబ్బు నయం కాదుగానీ, రక్తం పట్టడానికి మగ హార్మోను సూదులున్నాయని, కొన్నాళ్ళు ఓపిక వస్తుందని, కాకపోతే గొంతు బొంగురుపోయి మీసాలు రావచ్చని చెప్పాడు.

చిన్నమ్మ నవ్వింది. "మీసాలొస్తే కడుపని ఎవరు నమ్ముతరు సారూ?"

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "ఎట్లయినా పోయేదాన్నే గద బిడ్డా. ఇంట్ల చెప్పకు. సవతి మొఖం చూడకుంట పోనియ్యి." నాకు ఆమె మీద, ఆ అత్త మీద ఒళ్ళు మండిపోయింది. అయినా ఒట్టు వేశాను. ఇంటికెళ్ళి ఆమె ఉప్పులో ఊరిన ఆ తొక్కు ముద్దలే తిన్నది.

చావు కబురు అంది నేను హుజూర్‌నగర్ చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళ ఏడుపు. కులపెద్ద అత్తతో అంటున్నాడు. "బిడ్డను లోపట పెట్టి కాలవెట్టొద్దు. కడుపు కోసి తియ్యాలె, యేరేగ పూడ్చాలె. మన పెద్దల ఆచారం." కత్తి తెచ్చే మనిషికి అప్పటికే కబురు పోయింది.

ఒట్టు తీసి గట్టున పెట్టాను. "లోపల బిడ్డ లేదు. నీళ్ళున్నయి. కొయ్యకుండ్రి" అని దవాఖాన సంగతంతా చెప్పాను.

ఏడుపులు ఆగిపోయాయి. "గింత మోసమా" అంటూ ఒకామె లేచి వెళ్ళిపోయింది, ఆమె వెనకే ఇంకొందరు. "అయితే ఎత్తుండ్రి" అన్నాడు పెద్ద. అత్త మాత్రం కదల్లేదు. చిన్నమ్మ పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. "జర ఆగుండ్రి. కదులుతదేమో" అంది. పాడె దగ్గర మగవాళ్ళు అలాగే నిలబడిపోయారు.