డెమో క్లాసులో నేర్చిన ‘గాన్’

అమీర్‌పేటకు వచ్చిన కొత్తలో, ఆ కోచింగ్ బోర్డుల కింద నాలుగు రోజులు తిరిగితే చాలు, ఇంగ్లీషు దానంతటదే ఒంటపడుతుందని నమ్మే వయసు నాది. అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. మంచి ఇన్‌స్టిట్యూట్ చూసుకుని చేరమంది అక్క. చూసుకోవడమే నా పనైపోయింది. ఎక్కడైనా మొదటి రోజు డెమో క్లాసు ఉచితమే కదా! ఇవాళ ఒకచోట, రేపు పక్క మేడ మీద ఇంకోచోట, అన్నీ అయిపోతే మళ్లీ మొదటిచోట కూర్చునేవాణ్ణి (ఏసీ కూడా ఉండేది, అబద్ధమెందుకు). చిక్కల్లా డెమోలో అందరూ ఒకటే పాఠం చెప్పడం: గో, వెంట్, గాన్. నాన్న రైతుబజారుకు ‘హ్యాజ్ గాన్’ అంటే వెళ్లాడు, ఇంకా రాలేదు. ‘హ్యాజ్ బీన్’ అంటే వెళ్లొచ్చేశాడు, కూరలు వంటింట్లో ఉన్నాయి. ఆ కూరల దగ్గర క్లాసంతా నవ్వాలి. నేనైతే సారుకంటే ముందే నవ్వేసేవాణ్ణి.

ఆ పాఠమే అక్కకు అప్పజెబుతుంటే బావ విన్నాడు. పాపం, నాకు ఇంగ్లీషు వచ్చేసిందనుకున్నాడు. పంజాగుట్టలో ఆయన పనిచేసే టైల్స్ షోరూంలో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం ఖాళీగా ఉంది. “మా బామ్మర్ది ఇంగ్లీష్ మస్తు మాట్లాడ్తడు మేడం” అని మేనేజరమ్మకు మాటిచ్చేశాడు.

ఇంటర్వ్యూలో బావ నా పక్కనే కూర్చున్నాడు. నా గురించి చెప్పమని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. నా బుర్రలో ఉన్నదల్లా డెమో సారు ఒక్కడే. లేచి నిలబడి ‘గో, వెంట్, గాన్’ అందుకున్నాను. నాన్నను రైతుబజారుకు పంపాను, తిరిగి రప్పించాను, కూరల దగ్గర ఆగి నవ్వు కోసం చూశాను. ఆవిడ నవ్వలేదు. అక్కడైనా ఆగాల్సింది. కానీ పాఠం చివర వచ్చేది కూడా నోటికొచ్చేసి, ఇవాళే చేరితే ఫీజులో రాయితీ అని, ముందు బెంచీలు కొన్నే మిగిలాయని ఆవిడ కళ్లలోకి చూస్తూ చెప్పేశాను. బావ తలవంచుకుని నేల మీది టైల్స్ చూస్తూ ఉండిపోయాడు. ఉద్యోగం పోయినందుకు కాదు, నావల్ల ఆయన మాట పోయినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఆ వంచిన తల గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

తిరుగుదారిలో బావ అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ ముందు స్కూటర్ ఆపి, “నడువ్. ఇయ్యాల చేరితే రాయితీ అంటివి గద” అన్నాడు. లోపల డెమో సారు నన్ను చూడగానే ఎంతో ఆప్యాయంగా ముందు బెంచీ చూపించాడు.

“రా తమ్మీ, నీ జాగ ఖాళీనే ఉన్నది. ఇయ్యాల సుత డెమోనే.”

బావ నావైపు ఒక్కసారి చూశాడు. జేబులోంచి డబ్బు తీసి ఫీజు కట్టాడు. రెండో రోజు ఏం చెబుతారో ఆ మర్నాడే నాకు మొదటిసారి తెలిసింది.

ఇప్పుడు రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడే ఉద్యోగం నాది. ఆనాటి సంగతి బావ ఎవరికీ, చివరికి అక్కకు కూడా చెప్పలేదు. కాకపోతే నేను ఇంట్లో లేనప్పుడు ఎవరైనా నాకోసం వస్తే మాత్రం, “గాన్ అయిండు, ఇంకా బీన్ కాలే, కూసోండ్రి” అంటాడట. మొన్న గేటు తీస్తూ నా చెవులతోనే విన్నాను. ఈసారి నేనే నా నెరిసిన తల వంచుకుని, నవ్వుకుంటూ లోపలికి వెళ్లాను.