మూసీ కింద ఊటనీరు

నేను రిటైరవడానికి కొంతకాలం ముందు, ఒక ఎండాకాలంలో, సీనియర్ కెమిస్టుగా నన్ను కిషన్‌బాగ్ దగ్గర సొరంగం పనికి డిప్యుటేషన్ మీద పంపారు. పాతబస్తీ మురుగునీటి గొట్టాన్ని మూసీ కిందుగా అవతలి గట్టుకు చేర్చే సొరంగం అది. తొలుస్తున్న రాతిలోంచి ఊరే నీటిని సీసాల్లో పట్టి పరీక్షించడం నా పని.

గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువ, అమ్మోనియా దాదాపు ఉండదు. మూసీ నీటిలో ఇది తలకిందులు. ఊట రాతిదో నదిదో ఆ తేడాతో తెలిసిపోతుంది.

ఒక వారం ఫ్లోరైడు తగ్గుతూ, అమ్మోనియా పెరుగుతూ వచ్చింది. ఊట మాత్రం పెరగలేదు, నీరూ తేటగానే ఉంది. నా పరీక్షనే అనుమానించి మళ్లీ చేశాను. అదే ఫలితం. ముందున్న రాతిలో ఏదో పగులు నదిని అందుకుంటోంది.

సైటు ఇంజినీరు మల్లేశ్‌కు చెప్పాను. వానలు పడేలోపు సొరంగం పూర్తిచేయాల్సిన బాధ్యత అతనిది.

"మేడం, చుక్కలు చుక్కలు కారుతున్నయి, గంతే. గిప్పుడు పని ఆపితే పెద్దసార్లకు ఏం జెప్పాలె?" అన్నాడు.

"పని మొత్తం ఆపమనడం లేదండీ. రేపటి బ్లాస్టింగ్‌కు ముందు ఒక సన్న బోరు వేసి చూడండి. నీళ్లు పడకపోతే ఆలస్యం నావల్లేనని రాసిస్తాను."

"రాసుడెందుకు మేడం? లోపలికి పోయేది మా పోరగాళ్లే గద. బోరేపిస్త" అన్నాడు.

ముందున్న రాయిని తడిమి చూసే ఆ బోరు మూతికి ముందే వాల్వు బిగిస్తారు. మర్నాడు పొద్దున డ్రిల్లర్ గౌస్ భాయ్ బోరు వేస్తుండగా నల్లటి నీరు ఒక్కసారిగా ఎగదన్నింది. మూసీ కంపు సొరంగమంతా నిండింది. "పానీ ఆగయా! నీళ్లొచ్చినయి, ఎన్కకు జరుగుర్రి!" అని అరుస్తూ అతనే వాల్వు తిప్పేశాడు. అక్కడ మందుగుండు పేల్చి ఉంటే ఆ నీటిని ఆపడానికి ఏ వాల్వూ ఉండేది కాదు. మల్లేశ్ మనుషుల్ని ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి, అందరూ ఉన్నారని చూసుకున్నాడు.

తర్వాత సిమెంటు పాలను ఒత్తిడితో పగుళ్లలోకి ఎక్కించారు. దాన్నే గ్రౌటింగ్ అంటారు. రోజూ ఊటను పరీక్షిస్తూ వచ్చాను. అమ్మోనియా తగ్గి, ఫ్లోరైడు మునుపటి స్థాయికి వచ్చింది.

"ఇగ ముంగటికి పోదమా మేడం?" అన్నాడు మల్లేశ్.

"పోవచ్చండీ" అన్నాను.

తొలకరి పడ్డాక, అనుకున్నదానికి కాస్త ఆలస్యంగా, సొరంగం అవతలి గట్టుకు చేరింది. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు.

సొరంగంలో ఊట పెరిగేదాకా ఆగితే తప్పించుకునే వ్యవధి ఉండదు. నీటి గుణం అంతకంటే ముందే మారుతుంది. ఆ మార్పును కనిపెట్టిన రోజే, లోపల పనిచేసేవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పి ఒప్పించడం కూడా కెమిస్టు ఉద్యోగంలో భాగమే.