పంతులు చెప్పాడని

మా పార్వతీపురంలో బడిలో పాఠం చెప్పేవాడూ పంతులే, గుడిలో హారతి ఇచ్చేవాడూ పంతులే. చిన్నప్పుడు నాకిది వింతగా అనిపించలేదు. ఇద్దరూ తెల్లపంచె కట్టేవారు, ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. ఒకాయన ప్రసాదం పెట్టేవాడు, ఇంకొకాయన తొడపాశం పెట్టేవాడు. అంతే తేడా.

ఉద్యోగం వచ్చి హుకుంపేట పైన కొండ ఊరి బడిలో చేరాక ఆ మాట నా నెత్తిన పడింది. మొదటి రోజే ఊరంతా పంతులు అంది. జీన్సు ప్యాంటు వేసుకున్న నాకు ఒళ్లు మండింది. మేస్టారు అనండి, సార్ అనండి అని చెప్పి చూశాను. బడిలో మధ్యాహ్నం వంట చేసే ముసలమ్మ నవ్వింది.

"మరేటనాల బాబూ? మా సిన్నతనంలో సర్చి పంతులే మాకు అ ఆలు సెప్పేవోడు. ఆదివారం పార్దన సేయించేవోడు, సోమారం పలక పట్టించేవోడు. నువ్వూ పంతులివే."

ఆ రాత్రి కుతూహలం కొద్దీ ఫోనులో నిఘంటువు తిరగేశాను. పండితులు అన్న మాటే నోళ్లలో అరిగి అరిగి పంతులు అయిందట. దాని మూలంలో 'పండా' ఉంది, వివేకం అని అర్థం. కొండ దాటితే ఒడిశా, అక్కడ గుడి పూజారిని పండా అంటారు. అదీ ఈ మాటకు చుట్టమేనట. వివేకం ఉన్నవాడు! అయాచితంగా వచ్చిన బిరుదు, కాదనడం దేనికని ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. పుష్యమాసం, పదింటికి కూడా మంచు విడవడం లేదు. పిల్లలు రోజూ అదే పప్పుచారు తింటున్నారని సంతలో లేత చిక్కుళ్లు కనబడితే సంచి నిండా తెచ్చాను. ముసలమ్మ సంచిలోకి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంకా కొత్త అవనేదు బాబూ. ఈ వారంలోనే సేత్తారు. అందాకా ముట్టకూడదు."

ఆ కొండల్లో ఏ పంట చేతికొచ్చినా ముందు దేవతకూ, చనిపోయిన పెద్దలకూ పెట్టి, ఊరంతా ఒకే రోజు తింటారు. దాన్నే కొత్త అంటారు. అంతవరకూ కొత్త చిక్కుడుకాయ ఒక్కటి కూడా నోట పెట్టరు. ఇదంతా ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నాకు ముక్కు మీద కోపం. ఇవి మీ పొలంలోవి కావు, సంతలోవి, వండమంటే వండు అన్నాను. వండింది. ఉప్పు కూడా చూడకుండా దించింది.

పద్నాలుగు మంది పిల్లలు వరసలుగా కూర్చున్నారు. అన్నం, కూర వడ్డించాం. ఒక్కరూ ముట్టలేదు. పొద్దున్నే కొండలెక్కి దిగి వచ్చిన పిల్లలు, ఆకలితో కళ్లు పీక్కుపోతున్నాయి. అన్నం చల్లారిపోతోంది.

"తినండి! ఏమీ కాదు. నేను చెప్తున్నానుగా!" అని గట్టిగా అరిచాను.

ముందు వరసలో మూడో తరగతి పిల్ల, ఊరి పూజారి మనవరాలు. నా మొహం చూసింది, కంచం చూసింది. కూర కలిపి ముద్ద చేసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"తాత ఒద్దన్నాడు," అంది పక్కనున్న పిల్లతో, గొణుగుతున్నట్టు. "కానీ పంతులు సెప్పాడు గదా."

ముద్ద పెదవుల దాకా వెళ్లింది. అది చూసి వెనక వరసల్లో చేతులన్నీ కంచాల్లోకి వెళ్లాయి.

వాళ్ల దేవత, వాళ్ల పెద్దలు, వాళ్ల తాత ఒకవైపు. మూడు నెలల కింద బస్సు దిగిన నేను ఒకవైపు. ఆ పిల్ల నావైపు వచ్చేస్తోంది. పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దమ్మా. ఎవరూ తినకండి. తప్పు నాది."

కంచాలన్నీ నేనే తీశాను, నేనే కడిగాను. మళ్లీ అన్నం, పప్పు వండి పెట్టేసరికి రెండు దాటింది. పిల్లలు ఆవురావురుమంటూ తిన్నారు.

సాయంత్రం పూజారి ఇంటికి వెళ్లాను. పెద్దాయన పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నాడు. క్షమించమని అడిగి, జరిగినదంతా చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"తెలుసు బాబూ. వంట ముసిల్ది కబురెట్టింది. బేగి వచ్చినాను. మీ కంచి కాడ నిల్చోని అంతా సూసినాను."

బడి కంచె అవతల నిలబడి, మనవరాలు ముద్ద ఎత్తడం చూశాడన్నమాట.

"మరి లోపలికొచ్చి ఆపలేదేం?" అన్నాను.

ఆయన నావైపు వింతగా చూశాడు.

"బళ్లో పంతులు మాట మీద నాను మాటెలా ఏత్తాను బాబూ? దండం పెట్టుకుని నిల్చున్నాను."

నాలుగో రోజున కొత్త చేశారు. అడ్డాకు దొన్నెలో చిక్కుళ్లు పెట్టి, "పంతులూ, తిను" అంటూ ముందు నాకే అందించారు. దొన్నె పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల తినేదాకా ఆగి, అప్పుడు తిన్నాను.