ఒక పక్క పదును

మాది కొలిమి ఇల్లు. పదును సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న పొగరు ఉండేది. ఆ పొగరుతోనే తొంభైల్లో గోదావరి జిల్లా నుంచి బహ్రెయిన్ వెళ్ళాను. వెల్డింగు పని అని తీసుకెళ్ళి మంచు హాల్లో పెట్టారు. బయట ఎండకి చెప్పులు అతుక్కుపోతుంటే, లోపల నేలంతా మంచు గడ్డకట్టించి దాని మీద జనాన్ని జారిస్తారు. అడుగున ఇనుప బ్లేడున్న బూట్లు అద్దెకివ్వడం, తుడవడం, అరిగితే సానపట్టడం నా డ్యూటీ. జిదాఫ్స్ బజారులో కొన్న స్వెట్టరు చంకలో పెట్టుకుని జూలై నెలలో బస్సెక్కుతుంటే, గుదైబియాలో నాతో ఒకే గదిలో ఉండే మావాళ్ళు వీడికి ఎండదెబ్బ తగిలిందనేవారు.

ఓ వేసవిలో ఫిన్లాండ్ కుర్రాడొకడు రావడం మొదలుపెట్టాడు. పందొమ్మిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న బహ్రెయిన్లో ఇంజనీరు, బుదైయాలో విల్లా. కుర్రాడు మాత్రం వాళ్ళ దేశంలోనే ఉండి మంచు మీద హాకీ ఆడతాడు. అదే అతని ఉద్యోగం. జీతమిచ్చే జట్టులో చేరి ఏడాదైనా బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువట. ఆగస్టు చివర తిరిగి వెళ్ళగానే మూడు రోజులు ఆడించి చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే ఇంటికి పంపేస్తారు. వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులు ఊపుతూ ఈ సంగతి తనే చెప్పాడు. అందుకే సెలవుల్లో కూడా జనం రాకముందే వచ్చి గంటన్నర సాధన చేసేవాడు. నేను తలుపు తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. అందరిలాగే నన్ను భాయ్ అనేవాడు.

వెళ్ళడానికి వారం ముందు బూట్లు నా చేతిలో పెట్టి పదును పెట్టమన్నాడు. ఉన్నది ఆ ఒక్క జతే. మా దగ్గర సానయంత్రం ఉంది. బ్లేడును చట్రంలో బిగించి రాయి మీద నిలువునా నడిపిస్తే అద్దె బూట్లకు సరిపోయేది. ఇతని బతుకు దీని మీద ఉంది, ఆ మొద్దు పదును ఇతనికెందుకు అనుకున్నాను. చట్రం పక్కన పెట్టి, చేత్తో పట్టుకుని, కొడవలికి పెట్టినట్టు ఒక పక్క ఏటవాలుగా అరగదీశాను. ముంజేతి మీద గీసి చూస్తే వెంట్రుకలు నున్నగా లేచిపోయాయి. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడనుకున్నాను.

మర్నాడు అతను మంచు మీద నాలుగు అంగలు వేసి, మలుపు దగ్గర కాలు జారి ధబీమని పడ్డాడు. లేచాడు, మళ్ళీ పడ్డాడు. బయటికొచ్చి బూటు విప్పి బ్లేడు మీద బొటనవేలు నడిపించి చూశాడు. తిట్టినా బాగుండేది. మేనేజరుకు చెబితే నా పని ఖలాస్. కానీ ఆ భయం కన్నా, అరిగిన ఇనుము తిరిగిరాదన్న సంగతే నన్ను ఎక్కువ తినేసింది. వాళ్ళ జట్టు చూసేది మూడు రోజులు, ఆ మూడు రోజుల్నీ నేను మంటగలిపాను.

తర్వాత అతను కాగితం మీద గీసి చూపించాడు. ఈ బ్లేడుకు ఒక అంచు కాదు, రెండు అంచులు ఉండాలి. మధ్యలో పొడుగునా సన్నని గాడి. ఎటు ఒరిగితే అటు అంచు మంచును పట్టుకుంటుంది. జట్టులో ఈ పనికి వేరే మనిషి ఉంటాడు కాబట్టి అది ఎలా ఉండాలో అతనికి తెలుసు గానీ, ఎలా చెయ్యాలో తెలీదు. నేను ఇంక ముట్టుకోనన్నాను. మళ్ళీ కెలికితే కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుందని నా భయం. అతను బూట్లు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వే చెయ్యి భాయ్. నేను పక్కనుండి చూస్తా."

రెండు రోజుల పొద్దుటి పూటలు పట్టింది. ముందు రాతి అంచును గుండ్రంగా చెక్కుకుంటేనే బ్లేడు మీద గాడి పడుతుంది. అద్దె బూట్లు నాలుగు జతలు పాడుచేసి అది నేర్చుకున్నాను. ప్రతిసారీ అతను బ్లేడు మీద అడ్డంగా వంద ఫిల్స్ నాణెం పెట్టేవాడు. నాణెం ఓ పక్కకు ఒరిగితే అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. కాదని తల అడ్డంగా ఊపేవాడు. అది చూసీ చూసీ ఒళ్ళు మండి, తెలుగులోనే నాలుగు విసుర్లు విసిరాను. అతను నవ్వి ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. పంచదార లేదు, విషంలా ఉంది. మొత్తం తాగాను.

అప్పుడు అతని బూట్లు చట్రంలో బిగించి, ఏటవాలు పోయేదాకా అరగదీసి గాడి పెట్టాను. నాణెం కదలకుండా నిలిచింది. అతను మంచు మీదికి వెళ్ళి మలుపు తిరిగితే చర్రుమని చప్పుడైంది. పడలేదు.

అతను వెళ్ళిపోయాక నాకు స్థిమితం లేదు. మనామా గుళ్ళో హాకీ అంటే ఏమిటో దేవుడికి వివరించి మరీ మొక్కాను. నెల దాటాక వాళ్ళ నాన్న వచ్చాడు. కొడుకును జట్టులో ఉంచుకున్నారట. మొదటి రోజే అక్కడి సానపట్టే మనిషి బూట్లు అడిగితే, బహ్రెయిన్లో మా భాయ్ పదును పెట్టాడు, ముట్టుకోవద్దని కుర్రాడు చెప్పాడట. మూడు రోజులూ నా పదును మీదే ఆడాడు. ఇప్పుడు కొత్త బూట్లిచ్చారని, పాత బ్లేడ్లు రెండూ ఊడదీసి గుడ్డలో చుట్టి నాకు పంపాడు. పని పాడుచేసిన చేతికే మళ్ళీ ఆ పని ఇచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

సెలవుకి ఇంటికెళ్ళి మా నాన్నకు ఒక బ్లేడు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, జరిగిందంతా విన్నాడు.

"మరి నిన్ను కొట్టలేదేంట్రా?"

"లేదు నాన్నా. మళ్ళీ నాకే ఇచ్చాడు."

ఆయన వెడల్పు చాలదని గొణుగుతూనే దాన్ని మామిడిచెక్కకు బిగించి చిన్న కత్తిపీట చేశాడు. ఇప్పటికీ మా ఇంట్లో వంకాయలు దాని మీదే తరుగుతారు. మొద్దుబారితే నేనే పదును పెడతాను, ఒక పక్కే. రెండో బ్లేడును గాడితో అలాగే మా కొలిమి దగ్గరి సొరుగులో ఉంచాను. నాకసలే నోరు ఎక్కువ. నా దగ్గర పనివాళ్ళెవరైనా పని చెడగొడితే, తిట్టడానికి నోరు తెరిచేముందు సొరుగు లాగి దాన్ని ఓసారి చూస్తాను. తర్వాత ఆ పని మళ్ళీ వాళ్ళ చేతికే ఇస్తాను.